చెట్టు దగ్గర జరిగే పోటీ: బడిపిల్లలు అటవీ నైపుణ్యాలు నేర్చుకునే దారి

అటవీ నైపుణ్యాలంటే చెట్టును గుర్తుపట్టడం, దాన్ని కొలవడం, దిక్కూ దూరమూ తెలుసుకుని అడవిలో నడవడం, విత్తనం నుంచి మొక్కను పెంచి నిలబెట్టడం, రోగం మొదలైనప్పుడే పసిగట్టడం. ఇవన్నీ కంటికీ చేతికీ అలవాటు కావలసిన పనులు. బడిపిల్లల్లో ఆ అలవాటు త్వరగా పాదుకోవడానికి పోటీ మంచి సాధనం. పోటీకి ఒక తేదీ ఉంటుంది, జట్టు ఉంటుంది, కొలతలో తప్పొప్పులు అక్కడికక్కడే తేలిపోతాయి. ఇందుకు దట్టమైన అడవి పక్కన ఉండనక్కర్లేదు. సికింద్రాబాద్ స్టేషన్‌కు కూతవేటు దూరంలో, ఇళ్లూ రైలుపట్టాలూ కిక్కిరిసిన చిలకలగూడలోని బడి కూడా వీధిలోని చెట్లతోనే తయారీ మొదలుపెట్టవచ్చు. రైల్వే క్వార్టర్ల ఆవరణల్లోని వేప, రావి, చింత, నిద్రగన్నేరు చాలు. ఇంకొంచెం వైవిధ్యం కావాలంటే సీతాఫల్‌మండి దాటితే ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం ఉంది. ముషీరాబాద్ దాటి వెళ్తే ఇందిరా పార్కు ఉంది.

ఇప్పటికే ఉన్న వేదికలు

మన బడుల్లో చెట్ల పేరిట జరిగే పోటీలు తక్కువేమీ కాదు. 1950లో కేంద్రమంత్రి కె.ఎం. మున్షీ మొదలుపెట్టిన వనమహోత్సవం ఏటా జులై మొదటి వారంలో వస్తుంది. అక్టోబర్ 2 నుంచి 8 వరకు వన్యప్రాణి వారోత్సవాలు జరుగుతాయి. ఈ సందర్భాల్లో వ్యాసరచన, చిత్రలేఖనం, వక్తృత్వం, క్విజ్ మామూలే. 2001-02లో కేంద్ర పర్యావరణ శాఖ ప్రారంభించిన నేషనల్ గ్రీన్ కోర్ కింద చాలా బడుల్లో ఎకోక్లబ్బులు వచ్చాయి. 1993 నుంచి జరుగుతున్న బాలల సైన్స్ కాంగ్రెస్‌లో పిల్లలు తమ ఊరి సమస్య మీద ప్రాజెక్టు చేసి చూపించాలి. జనవిజ్ఞాన వేదిక నిర్వహించే చెకుముకి పోటీలు పాఠశాల స్థాయి నుంచి రాష్ట్ర స్థాయి దాకా సాగుతాయి. హైదరాబాద్ శివారు దూలపల్లిలో అటవీ జీవవైవిధ్య సంస్థ ఉంది. దాని మాతృసంస్థ అయిన భారత అటవీ పరిశోధన, విద్యా మండలి కేంద్రీయ, నవోదయ విద్యాలయాలతో 2018లో 'ప్రకృతి' అనే కార్యక్రమానికి ఒప్పందం చేసుకుంది. శాస్త్రవేత్తలకూ పిల్లలకూ మధ్య రాకపోకలు పెంచడం దాని ఉద్దేశం.

ఇవన్నీ విలువైన వేదికలే. అయితే వీటిలో ఎక్కువ భాగం పరీక్షించేది కలాన్నీ కుంచెనూ జ్ఞాపకశక్తినీ. 'చెట్లే ప్రగతికి మెట్లు' అని అందంగా వ్యాసం రాసి బహుమతి గెలుచుకున్న విద్యార్థి బడి గేటు ముందున్న చెట్టు కానుగో కాదో చెప్పలేకపోవచ్చు. లోపం పిల్లలది కాదు, పోటీ అడిగిన ప్రశ్నది. ప్రశ్న మారితే తయారీ మారుతుంది, తయారీ మారితే నేర్చుకునేదీ మారుతుంది.

ప్రశ్న మార్చి చూసినవాళ్లు వేరే దేశాల్లో ఉన్నారు. అమెరికాలో వ్యవసాయ విద్య చదివే పిల్లల సంస్థ ఎఫ్‌ఎఫ్‌ఏ అటవీ విద్యలో ప్రత్యేకంగా పోటీ పెడుతుంది. అందులో చెట్ల గుర్తింపు, పరికరాల గుర్తింపు, నిలబడి ఉన్న చెట్టులో ఎంత కలప ఉందో అంచనా వేయడం, తెగుళ్లు, పటం చదవడం, దిక్సూచి వాడకం ఉంటాయి. 1979లో పెన్సిల్వేనియాలో మొదలైన ఎన్విరోథాన్‌లో ఐదుగురు విద్యార్థులు ఒక జట్టు. అడవి, నేల, నీటి జీవులు, వన్యప్రాణులు, ఆ ఏటికి ఎంచుకున్న ఒక సమస్య దాని అంశాలు. పిల్లలు ఆరుబయటికి వెళ్లి జవాబు రాస్తారు. ఈ పద్ధతిని తెలంగాణ చెట్లకూ మన బడి క్యాలెండరుకూ తగినట్టు మలచుకోవడం కష్టం కాదు.

గుర్తుపట్టడం

అన్నిటికన్నా ముందు నేర్వవలసింది, ఎక్కువ సమయం తీసుకునేది చెట్ల గుర్తింపు. పూత మీద ఆధారపడితే ఏడాదిలో ఒకటి రెండు నెలలు తప్ప చెట్టు పేరు చెప్పలేం. పోటీనాడు పువ్వు ఉండదు. ఆకు, బెరడు, కాయ, కొమ్మల తీరు చూసి చెప్పగలగాలి.

మొదట చూడవలసింది ఆకు ఒంటిదా, ఈనెకు అటూ ఇటూ చిన్న ఆకులు అమరిన సంయుక్త పత్రమా అన్నది. ఈ ఒక్క ప్రశ్నతో సగం చెట్లు పక్కకు తప్పుకుంటాయి. రావి, మర్రి, టేకు, నేరేడు ఆకులు ఒంటివి. వేప, కానుగ, చింత, నిద్రగన్నేరు ఆకులు సంయుక్తం. ఇళ్ల ముందు బారుగా పెంచే చెట్టును అశోకమని అందరూ అంటారు గానీ అది నరమామిడి. దాని ఆకు ఒంటిది, అంచు అలలు తిరిగి ఉంటుంది. అసలు అశోకానిది సంయుక్త పత్రం. పోటీల్లో పిల్లలు తేలిగ్గా పప్పులో కాలేసే చోటు ఇది.

తర్వాత చూడవలసింది దగ్గరి పోలికలున్న జంటలను. వేపకూ తురకవేపకూ మధ్య తేడా రెమ్మను చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది. వేప ఈనెకు ఆకులు ఒకే వరసలో ఉంటాయి. రంపపు అంచు, కొద్దిగా వంకర తిరిగిన మొన, మొదట్లో అటు ఇటు సమానంగా లేని అంచు దాని గుర్తులు. తురకవేపలో ఈనె మళ్లీ పాయలుగా చీలుతుంది. మారేడుకూ మోదుగకూ మూడేసి ఆకులే. మారేడు ఆకును వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సన్నటి చుక్కలు కనిపిస్తాయి, నలిపితే వాసన వస్తుంది, కొమ్మకు ముళ్లుంటాయి. మోదుగ ఆకు తోలులా దళసరిగా ఉంటుంది, ముళ్లుండవు. నిద్రగన్నేరు ఆకులు సాయంత్రం, మబ్బు పట్టినప్పుడు ముడుచుకుంటాయి. ఎర్రపూల తురాయి, పచ్చతురాయి పక్కపక్కన ఉన్నప్పుడు కాయలు చూడాలి. మొదటిదానివి మూరెడు పొడవున కత్తిలా వేలాడతాయి, రెండోదానివి పొట్టిగా, పల్చగా, రాగిరంగులో ఉంటాయి. టేకు లేతాకును వేళ్ల మధ్య నలిపితే ఎర్రటి రంగు అంటుకుంటుంది. ఒక్కసారి వేలు ఎర్రబడిన పిల్లవాడు టేకును జన్మలో మరిచిపోడు.

ఊళ్లో కనబడని అడవి చెట్లకు ఇంకొంచెం శ్రమ పడాలి. తెలంగాణలో ఎక్కువ భాగం ఎండాకాలం ఆకు రాల్చే పొడి అడవి. టేకు, నల్లమద్ది, ఇప్ప, తునికి, చండ్ర, బిల్లుడు, ఏగిస అక్కడి ముఖ్యమైన చెట్లు. నల్లమద్ది బెరడు నల్లగా, లోతుగా పగిలి మొసలి వీపులా కనిపిస్తుంది. ఏటి గట్టున పెరిగే తెల్లమద్ది బెరడు నునుపు. రాలిన ఆకులను పాత పేపర్ల మధ్య పెట్టి, పైన బరువు ఉంచి, రోజూ పేపరు మారుస్తూ వారం రోజులు ఆరబెడితే నమూనా తయారవుతుంది. పక్కన తెలుగు పేరు, శాస్త్రీయ నామం, ఎక్కడ ఎప్పుడు సేకరించిందీ రాయాలి. ఎక్కడ, ఎప్పుడు అన్నవి లేని ఆకు అలంకారానికి తప్ప అధ్యయనానికి పనికిరాదు.

కొలవడం

మన దేశంలో అటవీ సిబ్బంది చెట్టు చుట్టుకొలతను నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో తీస్తారు. అంటే సుమారు పెద్దమనిషి రొమ్ము ఎత్తు. దర్జీ టేపు సరిపోతుంది. టేపు మెలిక పడకుండా, కాండానికి అడ్డంగా సమంగా చుట్టాలి. నేల వాలుగా ఉంటే ఎగువ వైపు నిలబడి కొలవాలి. చెట్టు వంగి ఉంటే వంగిన కాండం వెంబడే 1.37 మీటర్లు లెక్కించాలి. ఆ ఎత్తుకు కిందే కాండం రెండుగా చీలితే రెండు చెట్లుగా రాయాలి. సరిగ్గా ఆ చోట బొడిపె ఉంటే కొంచెం పైకో కిందికో జరిగి, జరిగినట్టు నమోదు చేయాలి. పోటీలో మార్కులు పోయేది టేపు చదవడంలో కాదు, ఈ నియమాలు మరవడంలో.

ఎత్తు కొలవడానికి రెండు పద్ధతులు బడికి అందుబాటులో ఉన్నాయి. మొదటిది కర్ర పద్ధతి. కంటి నుంచి చాచిన పిడికిలి దాకా ఎంత దూరమో, పిడికిలి పైన అంతే పొడవు కర్ర నిలువుగా ఉండేలా పట్టుకోవాలి. చెట్టు మొదలు పిడికిలి దగ్గర, చివర కర్ర కొస దగ్గర కనిపించే దాకా వెనక్కి నడవాలి. అప్పుడు తానున్న చోటు నుంచి చెట్టుకు ఎంత దూరమో చెట్టు ఎత్తు అంత. రెండోది పదో తరగతి లెక్కల పుస్తకంలోని త్రికోణమితి అనువర్తనాలే. కోణమానినిని తిరగేసి, మధ్య బిందువుకు దారం కట్టి, చివర ఒక ఇనుప నట్టు వేలాడదీస్తే కోణం కొలిచే సాధనం సిద్ధం. దాని సరళ అంచు వెంట చెట్టు చివరను చూస్తూ, దారం 45 డిగ్రీల గీత మీద నిలిచే చోటికి జరగాలి. అక్కడి నుంచి చెట్టుకు 12 మీటర్లు, చూసే విద్యార్థి కంటి ఎత్తు 1.4 మీటర్లు అయితే చెట్టు ఎత్తు 13.4 మీటర్లు. పరీక్షలో టవరు బొమ్మ గీసి చేసే లెక్క చెట్టు దగ్గర చేసినప్పుడు, ఆ పాఠం ఎందుకుందో పిల్లలకు తెలిసివస్తుంది.

గొడుగులా విచ్చుకున్న నిద్రగన్నేరు లాంటి చెట్ల దగ్గర జాగ్రత్త అవసరం. దగ్గరి కొమ్మ అంచును చివర అనుకుంటే ఎత్తు ఎక్కువ వస్తుంది. రెండు వేరు వేరు దిక్కుల నుంచి కొలిచి సరిచూసుకోవాలి.

కలప లెక్కకు పాతకాలం నుంచి వస్తున్న సూత్రం ఒకటుంది. దుంగ చుట్టుకొలతలో నాలుగో వంతును అంతతోనే హెచ్చించి, దాన్ని పొడవుతో గుణించాలి. చుట్టుకొలత 157 సెంటీమీటర్లు, పొడవు 4 మీటర్లు ఉన్న దుంగకు ఇలా సుమారు 0.616 ఘనమీటర్లు వస్తుంది. అదే దుంగను స్తూపంగా లెక్కిస్తే 0.785. పాత సూత్రం దాదాపు 78.5 శాతమే చూపిస్తుంది. కోతలో పోయే పొట్టు, చెక్కలకు అది సుమారుగా సరిపోతుంది. ఎందుకు తక్కువ వచ్చిందో వివరించగలిగిన జట్టుకు సూత్రం అప్పజెప్పిన జట్టు కన్నా ఎక్కువ మార్కులు ఇవ్వాలి.

దూరం, దిక్కు, చదరం

దూరం అడుగులతో కొలవాలంటే ముందు తన అడుగు తనకు తెలియాలి. గల్లీ క్రికెట్ ఆడే పిల్లలకు ఇందుకో చక్కని ఆధారం ఉంది. కొలత ప్రకారం గీసిన పిచ్ పొడవు 22 గజాలు, అంటే 20.12 మీటర్లు. సర్వేయర్లు వాడిన పాత గొలుసు పొడవూ సరిగ్గా అంతే. పిచ్ వెంట ఐదుసార్లు మామూలుగా నడిచి అడుగులు లెక్కపెడితే 100.6 మీటర్లకు ఎన్ని అడుగులో తేలుతుంది. పొదల్లో, ఎత్తుపల్లాల్లో అడుగు చిన్నదవుతుంది కాబట్టి అలాంటి నేల మీదా ఒకసారి సరిచూసుకోవాలి.

దిక్సూచిని చిలకలగూడలో సాధన చేసేవాళ్లు పట్టాలకూ, ఇనుప గేట్లకూ, ఆగి ఉన్న బస్సులకూ దూరంగా నిలబడాలి. ఇనుము దగ్గరుంటే ముల్లును పక్కకు లాగుతుంది. ఫోన్లోని దిక్సూచికీ అదే ఇబ్బంది.

అడవిలో ప్రతి చెట్టునూ లెక్కించడం కుదరదు కాబట్టి నమూనా చదరాలు తీసుకుంటారు. భారత అటవీ సర్వే సంస్థ చాలాకాలం వాడిన నమూనా 0.1 హెక్టారుది. బడికి పది మీటర్ల చదరం చాలు. నాలుగు గూటాలు, తాడు కావాలి. మూలలు సరిగ్గా కుదిరాయో లేదో తెలియడానికి ఎదురెదురు మూలల మధ్య దూరం 14.14 మీటర్లు ఉందేమో చూడాలి. మూడు చదరాల్లో 4, 9, 5 చెట్లు వస్తే సగటు 6, హెక్టారుకు 600. ఒక్క చదరంతోనే ఆగిపోతే 400 అనో 900 అనో రాసేవాళ్లు. నమూనా ఎందుకు ఎక్కువ ఉండాలో పిల్లలకు ఇంతకన్నా సూటిగా చెప్పలేం.

చెట్టు ఆరోగ్యం

కానుగ ఆకు మీద వేలి మొనల్లా పొడుచుకొచ్చే బుడిపెలను నగరంలో ఎక్కడైనా చూడవచ్చు. అవి కాయలు కావు, కంటికి ఆనని నల్లి చేసిన పని. 2021లో తెలంగాణ అంతటా వేపచెట్ల కొమ్మల చివర్లు మాడిపోయి, చెట్లు చచ్చిపోతున్నాయని జనం బెంబేలెత్తారు. కొమ్మ ఎండు తెగులు కలిగించే శిలీంధ్రం, దానికి తోడు లేత చిగుళ్ల రసం పీల్చే టీ దోమ కారణమని శాస్త్రవేత్తలు చెప్పారు. చాలా చెట్లు తర్వాత మళ్లీ చిగురించాయి. ఒక జట్టు తమ వీధిలోని వేపచెట్లను నెలనెలా చూసి, ఏ కొమ్మ ఎప్పుడు ఎండింది, ఎప్పుడు చిగురించింది అని రాసిపెడితే అది బాలల సైన్స్ కాంగ్రెస్‌కు పంపదగిన ప్రాజెక్టు అవుతుంది.

విత్తనం నుంచి మొక్క దాకా

జూన్, జులైలో వేపపండ్లు రాలి ఫుట్‌పాత్‌లు నిండిపోతాయి. అదే సమయంలో బడులు తెరుస్తారు. పండు గుజ్జు కడిగి, గింజను నీడలో ఆరబెట్టి, ఆలస్యం చేయకుండా నాటాలి. వేపగింజకు మొలకెత్తే శక్తి త్వరగా పోతుంది. చింతగింజను ఒక రాత్రి నానబెడితే మేలు. టేకు గింజ పెంకు గట్టిది. రాత్రి నానబెట్టి పగలు ఎండబెట్టడం వారం రోజులు చేయాలి. కానుగకు ఏ చికిత్సా అక్కర్లేదు. సంచుల్లోకి ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి నింపాలి.

నాటేటప్పుడు జరిగే పెద్ద పొరపాటు ప్లాస్టిక్ సంచి తీయకపోవడం. సంచితోపాటే గుంతలో దించిన మొక్క వేర్లు లోపలే సుడి తిరిగి, ఏడాదో రెండేళ్లో పచ్చగా ఉండి తర్వాత గాలికి ఒరిగిపోతుంది. సంచిని బ్లేడుతో నిలువుగా కోసి, మట్టిముద్ద విడిపోకుండా అరచేతిలోకి తీసుకుని, చుట్టుకున్న వేరు కొసలు కత్తిరించి, మొక్క మొదలు నేలమట్టానికి ఉండేలా దించి, చుట్టూ మట్టి తొక్కి, పాదు చేయాలి. ఈ పనంతా న్యాయనిర్ణేత ఎదుట చేయించడమే అసలైన పోటీ.

ఎన్ని మొక్కలు నాటారన్న దానికి బహుమతి ఇవ్వడం మానేయాలి. 2015 జులై 3న చిలుకూరులో మొదలైన హరితహారం నుంచి కోట్ల మొక్కలు నాటడం తెలంగాణకు అలవాటైంది. బతికించడం మీద పట్టు కూడా ఆ అనుభవం నుంచే వచ్చింది. 2018 పంచాయతీరాజ్ చట్టం గ్రామాల్లో నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని నిర్దేశించింది. బడి పోటీకీ అదే గీటురాయి పెట్టుకోవచ్చు. జులైలో పది మొక్కలు నాటిన జట్టుకు అప్పుడు మార్కులు వేయకూడదు. మరుసటి ఎండాకాలం గట్టెక్కి, మళ్లీ జూన్‌లో లెక్కించినప్పుడు ఎన్ని నిలిచాయో చూసి వేయాలి. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లికి చెందిన వనజీవి రామయ్యకు 2017లో పద్మశ్రీ వచ్చింది. విత్తనాలు ఏరడం, నాటడం, మొక్కను కాపాడడం ఆయనకు దశాబ్దాలపాటు దినచర్య. ఒకనాటి కార్యక్రమం కాదు.

పోటీ నిర్వహణ

డిసెంబర్ మంచి నెల. ఎండ తీవ్రత ఉండదు, టేకు ఇంకా పూర్తిగా ఆకు రాల్చి ఉండదు, వార్షిక పరీక్షల ఒత్తిడి దూరంగా ఉంటుంది. ఎనిమిది, తొమ్మిది తరగతుల నుంచి నలుగురేసి జట్టుగా ఏర్పడాలి. ఒకరు కొలిస్తే ఒకరు రాయాలి, ఇద్దరు సరిచూడాలి. పని మార్చుకుంటూ పోవాలి, లేకపోతే బాగా వచ్చినవాడే చివరిదాకా టేపు పట్టుకుంటాడు, మిగతావాళ్లు చూస్తూ నిలబడతారు. ముందురోజే ఇద్దరు టీచర్లు విడివిడిగా చెట్లను కొలిచి సరైన జవాబులు సిద్ధం చేసుకోవాలి. చుట్టుకొలతకు రెండు సెంటీమీటర్లు, ఎత్తుకు పది శాతం తేడా వరకు పూర్తి మార్కులు ఇవ్వడం న్యాయం. పద్ధతికీ జవాబుకూ సగం సగం పంచితే, తప్పు అంకె వచ్చినా దారి సరైనదైన జట్టు చిన్నబుచ్చుకోదు.

గొడ్డలి, రంపం పిల్లల చేతికి ఇవ్వకూడదు. పోటీ కోసం కొమ్మలు విరవనక్కర్లేదు, రాలిన ఆకులు చాలు. చెట్టు కొట్టాలంటే 2002 వాల్టా చట్టం ప్రకారం అనుమతి కావాలన్నది కూడా ప్రశ్నగా అడగదగిన విషయం. తేనెతుట్టె ఉన్న చెట్టును ముందే పక్కన పెట్టాలి. అడవికి తీసుకెళ్తే నల్లజీడి రసం పడితే చర్మం పొక్కుతుందని, దూలగొండి కాయను తాకితే దురద ఆగదని చెప్పి, దూరం నుంచి చూపించాలి. కాళ్లకు బూట్లు, వెంట నీళ్లు, అటవీశాఖ అనుమతి ఉండాలి.

విద్యార్థి తనంతట తాను చేసుకునే సాధనకు రోజూ పావుగంట చాలు. బడికి వెళ్లే దారిలో ఒక చెట్టును ఎంచుకుని నోటుపుస్తకంలో దాని ఆకు గీయాలి, చుట్టుకొలత రాయాలి. ఎత్తును ముందు కంటితో అంచనా వేసి, ఆ తర్వాతే కొలవాలి. అంచనాకూ కొలతకూ మధ్య తేడా పక్కన రాసుకుంటూ పోతే కన్ను ఎంత కుదురుకుంటున్నదో ఆ అంకెలే చూపిస్తాయి. తెలియని చెట్టు ఎదురైతే ఆ వీధిలోని పెద్దవాళ్లను అడగాలి. కూరగాయల బండి పెట్టుకున్న అవ్వకు తెలిసిన చెట్ల పేర్లు పుస్తకంలో దొరక్కపోవచ్చు.

ఈ దారి ఎక్కడికి తీసుకెళ్తుంది

2016లో ప్రారంభమైన అటవీ కళాశాల, పరిశోధన సంస్థ సిద్దిపేట జిల్లా ములుగులో ఉంది. సికింద్రాబాద్ నుంచి కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి మీద ఉన్న ఈ ములుగును ములుగు జిల్లా కేంద్రంతో పొరబడకూడదు. అక్కడ నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్ ఫారెస్ట్రీ చదవవచ్చు. రాష్ట్ర సర్వీసులో బీట్ ఆఫీసర్, సెక్షన్ ఆఫీసర్, రేంజ్ ఆఫీసర్ ఉద్యోగాలున్నాయి. యూపీఎస్సీ ద్వారా ఇండియన్ ఫారెస్ట్ సర్వీసు ఉంది. దానికి ఎంపికయ్యే పురుషులు నాలుగు గంటల్లో 25 కిలోమీటర్లు, మహిళలు 14 కిలోమీటర్లు నడిచి చూపించాలి. పురుగుల శాస్త్రం, నేల శాస్త్రం, ఉపగ్రహ చిత్రాల విశ్లేషణ వైపు వెళ్లేవాళ్లకూ చదరం గీసి చెట్లు లెక్కించిన అనుభవం అక్కరకొస్తుంది. ఇంటర్‌లో గ్రూపు ఎంచుకునే ముందే తొమ్మిదో తరగతి విద్యార్థి ఒకసారి ములుగు కళాశాలనో, దూలపల్లి సంస్థనో ముందస్తు అనుమతితో బడి తరఫున చూసి వస్తే, ఏ కోర్సుకు ఏ సబ్జెక్టులు కావాలో అక్కడి అధ్యాపకులనే అడిగి తెలుసుకోవచ్చు.